బోర్డర్ పోస్టింగ్‌కి వెళ్లే జవాన్‌కి షార్ట్‌వేవ్ రేడియో: ఎలా ఎంచుకోవాలి, ఎలా సిద్ధం చేసి ఇవ్వాలి

శ్రీకాకుళం నుంచి గిద్దలూరు దాకా, పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం సహా, ఇంటికొక్కరు సైన్యంలో ఉన్న ఊళ్లు మనకు చాలానే ఉన్నాయి. పీస్ స్టేషన్ (సరిహద్దుకు దూరంగా ఉండే ప్రశాంతమైన స్థావరం) నుంచి ఫీల్డ్ ఏరియాకి పోస్టింగ్ వచ్చిందని తెలియగానే ఆ ఇళ్లలో హడావిడి మొదలవుతుంది. స్వెటర్లు, పచ్చళ్లు, పవర్ బ్యాంకు అన్నీ పెట్టెలోకి చేరతాయి. స్వెటర్ సైన్యమే ఇస్తుంది. పచ్చడి వారంలో అయిపోతుంది. ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, ఉన్నా కొన్ని చోట్ల వాడనివ్వరు. అలాంటి చోట డ్యూటీ దిగి వచ్చిన మనిషికి బయటి ప్రపంచం మాట, నాలుగు పాటలు వినిపించే వస్తువు రేడియో. అది టవర్ అడగదు, డేటా అడగదు, ఎవరికీ ఏ కబురూ పంపదు.

అయితే ఆన్‌లైన్‌లో కనిపించిన మొదటి రేడియో కొని రంగు కాగితం చుట్టి ఇస్తే మాత్రం అది ట్రంకు పెట్టె అడుగునే ఉండిపోతుంది. ఎక్కడికి వెళ్తున్నాడో, అక్కడ సెల్లు దొరుకుతాయో లేదో, చీకట్లో చేతి తొడుగులతో నొక్కగలడో లేదో చూసి కొనాలి. కొన్నాక ఇంట్లోనే మనం వాడి, సర్ది, ఫ్రీక్వెన్సీల కాగితం రాసిపెట్టి ఇవ్వాలి. నా లెక్కలో కొనడం సగం పనే.

1. ముందు అతన్నే అడగండి

బహుమతి కదా, సర్‌ప్రైజ్‌గా ఇద్దామనుకోవద్దు. ఈ వస్తువు విషయంలో అది పనికిరాదు. యూనిట్‌లో ఏ ఎలక్ట్రానిక్ వస్తువు ఉంచుకోనిస్తారో, ఏది ఉంచుకోనివ్వరో అతనికే తెలుసు, లేదా సీనియర్లను అడిగి తెలుసుకుంటాడు. 2020 జులైలో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది. భద్రత విషయంలో వాళ్లు ఎంత పట్టుగా ఉంటారో దాన్నిబట్టే తెలుస్తుంది.

రేడియో వినడానికే కదా, దానికి కూడా అభ్యంతరమా అనిపించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఓడల్లో మామూలు రేడియో రిసీవర్ల మీద ఆంక్షలుండేవి. రిసీవర్ లోపల స్టేషన్ పట్టడానికి పనిచేసే ఆసిలేటర్ అనే సర్క్యూట్ కూడా కొద్దిపాటి సిగ్నల్ బయటికి వదులుతుంది, శత్రువు జలాంతర్గాములు దాన్ని పసిగడతాయని భయం. అందుకే స్కాట్ అనే రేడియో కంపెనీ ఓడల కోసం ఆ సిగ్నల్ బయటికి రాని రేడియోలు ప్రత్యేకంగా తయారు చేసింది. ఈ రోజుల్లో సమస్యలు వేరు. బ్లూటూత్ ఉందా, రికార్డింగ్ ఉందా, మెమరీ కార్డు పడుతుందా, ఏ దేశంలో తయారైంది అని చూస్తారు. అందుకే కొనే మోడల్ ఫొటో ముందే అతనికి చూపించండి.

అడగాల్సిన ప్రశ్నలు ఇలా ఉంటే చాలు: “తమ్ముడూ, అక్కడ చలా, ఎండా? కరెంటు రోజంతా ఉంటుందా, జనరేటర్ వేసినప్పుడేనా? క్యాంటీన్‌లో పెన్సిల్ సెల్లు దొరుకుతాయా? రేడియో ఉంచుకోనిస్తారా?” పోస్ట్ ఎక్కడ, ఏ ఊరి దగ్గర అన్నది అడగొద్దు. మీ వాట్సాప్ గ్రూపుల్లో అసలే రాయొద్దు. రేడియో ఎంచుకోవడానికి ఆ వివరం అక్కర్లేదు.

2. అక్కడ నిజంగా ఏం వినిపిస్తుంది

ఇది తెలియకుండా కొంటే నిరాశే. ఎఫ్ఎం స్టేషన్ దాదాపు కనుచూపు మేరకే పని చేస్తుంది. కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. మీడియం వేవ్ పగలు నేల వెంబడి కొన్ని వందల కిలోమీటర్లు వెళ్తుంది, రాత్రి ఆకాశం మీదుగా ఇంకా దూరం పోతుంది. షార్ట్‌వేవ్ అంటే సుమారు 3 నుంచి 30 మెగాహెర్ట్జ్. అది ఆకాశంలో చాలా ఎత్తున విద్యుదావేశం ఉండే గాలి పొరకు, అంటే అయనోవరణానికి తగిలి కిందికి తిరిగి వస్తుంది కాబట్టి, వేల కిలోమీటర్ల అవతలి స్టేషన్ కూడా కొండల మధ్య బంకర్ బయట కూర్చున్నవాడికి అందుతుంది.

ఇప్పుడు బాధ కలిగించే మాట. షార్ట్‌వేవ్ మునుపటిలా లేదు. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2020 జనవరి 31తో ఆగిపోయాయి. ఆకాశవాణి కూడా చాలా షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూసేసింది. రేడియో సిలోన్ తెలుగు పాటల కోసం సాయంత్రాలు కాచుకు కూర్చున్న తరానికి ఇది మింగుడుపడని సంగతి. అయినా బీబీసీ ఇంగ్లిష్ వార్తలు, చైనా రేడియో, జపాన్ ఎన్‌హెచ్‌కే, వాటికన్ రేడియో వంటివి మన వైపు ఇంకా వినిపిస్తాయి. వాటిలో కొన్నింటికి హిందీ, తమిళ కార్యక్రమాలున్నాయి. తెలుగులో అయితే అడ్వెంటిస్ట్ వరల్డ్ రేడియో వంటి క్రైస్తవ ప్రసార సంస్థల కార్యక్రమాలే ఎక్కువ.

అందుకే నేను ఖచ్చితంగా చెప్పేదేమిటంటే, షార్ట్‌వేవ్ ఒక్కటే బాగుంటే చాలదు. ఆ రేడియోలో మీడియం వేవ్ కూడా బలంగా ఉండాలి. జవాన్ రోజూ వినేది బహుశా మీడియం వేవ్‌లో వచ్చే ఆకాశవాణి హిందీ వార్తలు, వివిధ్ భారతి పాటలు. సైనికుల కోసమే వివిధ్ భారతి దశాబ్దాలుగా ‘జయమాల’ నడుపుతోంది. ఇంటివాళ్లు ఈ కార్యక్రమం పేరు కాగితం మీద రాసిపెడితే చాలా మంచిది.

ఐక్యరాజ్య సమితి శాంతి సేనలో కాంగోకో, దక్షిణ సూడాన్‌కో వెళ్లేవాళ్లుంటే లెక్క మారుతుంది. ఆఫ్రికాలో షార్ట్‌వేవ్ శ్రోతలు ఇప్పటికీ ఎక్కువ, అటువైపు గురిపెట్టి పంపే ప్రసారాలూ ఎక్కువ. అక్కడికి షార్ట్‌వేవ్ బలంగా ఉన్న సెట్ ఇవ్వడమే సరి.

3. బ్యాండ్ల సంఖ్య చూసి మోసపోవద్దు

కోఠి గుజరాతీ గల్లీ షాపుల్లో ‘8 బ్యాండ్’, ‘9 బ్యాండ్’ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న సెట్లు కనిపిస్తాయి. ముల్లు కదిలే ఆ డయల్ మీద ఎస్‌డబ్ల్యూ1, ఎస్‌డబ్ల్యూ2 అంటూ షార్ట్‌వేవ్‌ను ముక్కలు చేసి చూపిస్తారు. ఆ ముక్కల మధ్య ఉన్నది అందదు. వాటితో ఇబ్బంది ఏమిటంటే, మీరు 9.5 మెగాహెర్ట్జ్ దగ్గర పట్టాననుకున్న స్టేషన్ ఎక్కడుందో ముల్లుని చూసి చెప్పలేరు. రేపు మళ్లీ పట్టాలంటే వెతుక్కోవాలి. వేడికీ చలికీ ట్యూనింగ్ పక్కకి జరిగిపోతుంటుంది కూడా.

అంకెలు కనిపించే డిజిటల్ ట్యూనింగ్ ఉన్నదే కొనండి. 9580 (కిలోహెర్ట్జ్, అంటే 9.58 మెగాహెర్ట్జ్) అని నొక్కితే 9580 మీదికే వెళ్తుంది. కాగితం మీద ఫ్రీక్వెన్సీలు రాసివ్వాలంటే ఇది తప్పనిసరి. దీంతోపాటు ఇవి చూడండి:

- షార్ట్‌వేవ్ ముక్కలుగా కాకుండా దాదాపు 2.3 నుంచి 21.9 మెగాహెర్ట్జ్ దాకా ఏకధాటిగా ఉండాలి.
- మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య అంతరం 9 కిలోహెర్ట్జ్‌కి మార్చుకునే వీలుండాలి. అమెరికా పద్ధతి 10, మనది 9. ఇది తప్పుగా ఉంటే ఆటో స్కాన్ మన స్టేషన్లు చాలావాటి మీద ఆగదు.
- బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి పట్టే ఫ్రీక్వెన్సీల వెడల్పు) తగ్గించే బటన్ ఉంటే పక్క స్టేషన్ గోల తగ్గుతుంది.
- ఇయర్‌ఫోన్ పెట్టుకునే మామూలు 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉండాలి.

ఎస్‌ఎస్‌బీ అనే సౌకర్యం గురించి అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ల మాటలు వినడానికి అది కావాలి. వార్తలూ పాటలూ వినేవాడికి అక్కర్లేదు. ఇక విమానాల పైలట్ల మాటలు వినిపించే ఎయిర్ బ్యాండ్ ఉన్న సెట్ జవాన్‌కి ఇవ్వకండి. అతని దగ్గర అలాంటిది దొరికితే లేనిపోని ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. మాట్లాడే వీలున్న వాకీటాకీలాంటివి సరేసరి, వాటి ఊసే వద్దు.

4. సెల్లు: అసలు పరీక్ష ఇక్కడే

రేడియో ఎంత గొప్పదైనా సెల్లు చచ్చిపోతే ఇటుకరాయే. ఇక్కడ తొందరపడకండి.

లిథియం అయాన్ బ్యాటరీ, అంటే ఫోన్లలో ఉండే రకం, చలిలో శక్తి కోల్పోతుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో దాన్ని ఛార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. లడఖ్ శీతాకాలంలో రాత్రి మైనస్ 20 దిగువకు పోయే చోట్లున్నాయి. మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు (ఏఏ సైజు) కూడా ఆ చలిలో నీరసపడతాయి. అలాంటి చోటికి లిథియం పెన్సిల్ సెల్లు మేలు. ఇవి ఛార్జ్ చేసేవి కావు, వాడి పారేసేవి. మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసేలా తయారు చేస్తారు. ధర ఎక్కువే, కానీ బరువు తక్కువ, ఏళ్ల తరబడి నిలవుంటాయి, ఆల్కలైన్‌లా కారిపోయి రేడియోను పాడుచేసే బెడద బాగా తక్కువ.

రాజస్థాన్ ఎడారికో, పంజాబ్ సరిహద్దుకో వెళ్తుంటే, కరెంటు ఉంటుందంటే ఛార్జింగ్ సెట్ బాగానే ఉంటుంది. కానీ బ్యాటరీ విప్పి మార్చుకునే రకమే తీసుకోండి. లోపల అతికించేసిన బ్యాటరీ పాడైతే రేడియో మొత్తం పోయినట్టే.

నా ఓటు మాత్రం పెన్సిల్ సెల్లతో నడిచే సెట్‌కే. ఏ కొండ మీది క్యాంటీన్‌లో అయినా దొరికే అవకాశం ఉన్నది అదొక్కటే. టార్చికీ అదే పడుతుంది, పక్కవాడి దగ్గరా ఉంటుంది. మూడు సెల్లు పట్టే చిన్న సెట్లో మంచి ఆల్కలైన్ వేస్తే ఇయర్‌ఫోన్‌తో వినేవాడికి చాలా రోజులు వస్తాయి. స్పీకర్ పెట్టి పెద్ద సౌండ్‌తో వింటే మాత్రం త్వరగా అయిపోతాయి.

చేత్తో తిప్పితే ఛార్జయ్యే రేడియోలు చూడటానికి సైనికుడికోసమే చేసినట్టుంటాయి. వద్దని చెబుతాను. బరువెక్కువ, తిప్పే పిడి బలహీనం, లోపలి బ్యాటరీ నాసిరకం, పైగా షార్ట్‌వేవ్ పట్టడంలో వెనకబడతాయి. తుఫాను రోజుల్లో ఇంట్లో ఉంచుకోవడానికి అవి సరిపోతాయి.

5. చీకట్లో, తొడుగులతో వాడగలడా?

షాపులోనే ఒక పని చేయండి. మందపాటి ఉన్ని గ్లోవ్ ఒకటి వెంట తీసుకెళ్లి, వేసుకుని, రేడియో ఆన్ చేయండి. స్టేషన్ మార్చండి. సౌండ్ తగ్గించండి. బటన్లు ఆవగింజల్లా దగ్గరదగ్గరగా ఉంటే రెండు ఒకేసారి నొక్కుకుపోతాయి. పక్కన చక్రంలా తిరిగే వాల్యూమ్, ట్యూనింగ్ ఉన్న సెట్ అయితే కళ్లు మూసుకుని కూడా తిప్పవచ్చు.

తర్వాత లైటు చూడండి. ఫార్వర్డ్ పోస్ట్‌లో రాత్రి వెలుగు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. డిస్‌ప్లే లైటు పూర్తిగా ఆర్పేసే సెట్టింగ్ ఉండాలి. బటన్ నొక్కినప్పుడల్లా కీచుమనే బీప్ ఆగిపోవాలి. అలారం తనంతట తాను మోగకూడదు. ఇవి మీరు షాపులోనే ఆపి చూసుకోండి, మాన్యువల్లో ఉంటుందిలే అని వదిలేయకండి.

కీ లాక్ కూడా ముఖ్యమే. సామాను సర్దినప్పుడు బటన్ నొక్కుకుపోయి, రేడియో పెట్టెలోనే రెండు రోజులు మోగి, చేరేసరికి సెల్లు ఖాళీ అవ్వడం సాధారణంగా జరిగేదే.

6. ఏ మోడల్?

తెలిసినవాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు టెక్సన్. పీఎల్-310ఈటీ, పీఎల్-380 రెండూ మూడు పెన్సిల్ సెల్లతో నడుస్తాయి, అరచేతికి కాస్త పెద్దవి, ఆ పరిమాణానికి బాగా పడతాయి. స్టేషన్లన్నీ తనే వెతికి తాత్కాలికంగా గుర్తుపెట్టుకునే ఈటీఎం అనే బటన్ ఉంటుంది. కొత్త చోటికి చేరిన మనిషికి అది చాలా ఉపయోగం. పీఎల్-330 దాదాపు వీటంతే ఉంటుంది, సామర్థ్యం ఎక్కువ, ఎస్‌ఎస్‌బీ ఉంది. పాత నోకియా ఫోన్లలో వేసే బీఎల్-5సీ బ్యాటరీయే దీనికీ. ఛార్జింగ్ దొరికే చోటికి ఇది చక్కటి సెట్.

ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 పనితనం గొప్పది కానీ ఎయిర్ బ్యాండ్ ఉంది. టెక్సన్ పీఎల్-660 కూడా అంతే. పైన చెప్పిన కారణంతోనే ఈ రెండూ వద్దంటాను.

ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాల్సిన సంగతి, టెక్సన్, ఎక్స్‌హెచ్‌డేటా రెండూ చైనావి. మన జవాన్ లడఖ్‌కో, అరుణాచల్‌కో వెళ్తున్నాడంటే యూనిట్ వాటిని ఒప్పుకోకపోవచ్చు. అడిగి కొనండి. తైవాన్ కంపెనీ సాంజీన్ చేసే ఏటీఎస్-405 పెన్సిల్ సెల్లతోనే నడిచే డిజిటల్ సెట్. ధర కాస్త ఎక్కువైనా వాడుక సులభం. దాని తయారీ దేశం కూడా పెట్టె మీద చదివి నిర్ధారించుకోండి. సోనీ ఐసీఎఫ్-ఎస్‌డబ్ల్యూ7600జీఆర్ పేరు పాతవాళ్లు తలుచుకుంటారు. దాని తయారీ ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మీరు ఉంచుకోండి, రిపేరు వస్తే విడిభాగాలు దొరకని వస్తువును కొండల మీదికి పంపకండి.

డిజిటల్ సెట్ దేన్నీ యూనిట్ ఒప్పుకోలేదంటే, మూడు బ్యాండ్ల మామూలు దేశీ రేడియో ఇచ్చినా తప్పు లేదు. మీడియం వేవ్ వినిపిస్తే సగం అవసరం తీరినట్టే. బ్లూటూత్, యూఎస్‌బీ లేనిది చూసి తీసుకోండి.

7. ఇంటికి తెచ్చాక పరీక్షించండి

రిటర్న్ గడువు లోపలే ఈ పని చేయాలి. మొదట ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ఇన్వర్టర్ ఆపండి, లేదా డాబా మీదికి వెళ్లండి. గరగర చాలామటుకు వాటి వల్లే. రేడియో చెడ్డదని అపోహపడొద్దు.

మీడియం వేవ్ పరీక్ష రాత్రి తొమ్మిదికి. మీరు హైదరాబాద్‌లో ఉంటే ముందు 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రాన్ని వినండి. తర్వాత 720కి వచ్చి చెన్నై పట్టండి. పక్కనే ఉన్న లోకల్ స్టేషన్ చెన్నై మీద పడి అణిచేయకుండా ఉంటే సెట్ బాగున్నట్టు. విజయవాడవాళ్లు 837 పక్కన 819 మీద ఢిల్లీని ప్రయత్నించండి. విశాఖవాళ్లది ఇంకా కష్టమైన పరీక్ష, 927 పక్కనే 936 మీద తిరుచ్చి ఉంటుంది, మధ్య ఖాళీ తొమ్మిది కిలోహెర్ట్జే. స్టేషన్ పట్టాక రేడియోను నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. మీడియం వేవ్ యాంటెన్నా సెట్ లోపలి ఫెర్రైట్ కడ్డీ. పైకి లాగే కడ్డీతో దానికి పనిలేదు, సెట్ ఏ దిక్కుకు ఉందన్నదే ముఖ్యం. తిప్పుతుంటే సౌండ్ ఒక చోట పెరిగి, ఒక చోట దాదాపు మాయమవుతుంది. ఇది మీ జవాన్‌కి కూడా చేసి చూపించండి.

బుస్‌మని ఎడతెగని శబ్దం ఎక్కడైనా వినిపిస్తే అది డీఆర్‌ఎం అనే డిజిటల్ ప్రసారం కావచ్చు. ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్లు చాలా చోట్ల దాన్ని పంపుతాయి. మామూలు రేడియోలో అది మాటగా వినిపించదు.

షార్ట్‌వేవ్‌కి కడ్డీ పూర్తిగా లాగండి. సాయంత్రం ఏడు తర్వాత సరిగ్గా 10000 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి. పరిస్థితులు బాగుంటే సెకనుకొక టిక్ వినిపిస్తుంది. అది చైనా బీపీఎం కాల సంకేత కేంద్రం. ఆ టిక్ శుభ్రంగా వస్తే రేడియో ఆరోగ్యంగా ఉన్నట్టే. తర్వాత 9400 నుంచి 9900 వరకు నెమ్మదిగా వెళ్లండి, చాలా భాషలు తగులుతాయి.

8. కాగితం రాసిపెట్టడం

మీరిచ్చే వాటిలో అతనికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. పోస్ట్‌కార్డంత అట్టముక్క మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో, బాల్‌పెన్‌తో రాయండి. పైన ప్లాస్టిక్ టేప్ అంటించండి.

రాయాల్సింది ఇంతే, అంకెలన్నీ కిలోహెర్ట్జ్‌లో. పగలు పెద్ద అంకెలు: 15100–15800, 17480–17900. సాయంత్రం మధ్య అంకెలు: 11600–12100, 9400–9900. రాత్రి చిన్న అంకెలు: 7200–7450, 5900–6200. పగలు అయనోవరణం బలంగా ఉండి పెద్ద ఫ్రీక్వెన్సీలను కూడా తిప్పి పంపుతుంది, రాత్రి బలహీనపడి చిన్నవే నిలబడతాయి. ఈ ఒక్క సూత్రం తెలిసినవాడు ఏ దేశంలోనైనా స్టేషన్ వెతుక్కోగలడు.

స్టేషన్ల సమయాలు ఎక్కువగా అంతర్జాతీయ కాలమానంలో ఇస్తారు. దానికి 5.30 గంటలు కలిపి మన సమయంలోకి మార్చి రాయండి. కాంగో తూర్పు ప్రాంతానికో, దక్షిణ సూడాన్‌కో వెళ్తుంటే రెండు గంటలు కలపండి. అతను ఉండే ప్రాంతం పేరు, యూనిట్ పేరు ఆ అట్ట మీద రాయొద్దు.

వెనక వైపు నాలుగు చిట్కాలు రాయండి: బంకర్ లోపల రాకపోతే గుమ్మం దగ్గరికి రా. అనుమతిస్తే అయిదారు మీటర్ల సన్న తీగ కడ్డీకి చుట్టి బయట వేలాడదీయి. ఉరుములుంటే తీగ తీసేయి. తీగ మరీ పొడవైతే చిన్న సెట్ తట్టుకోలేక స్టేషన్లు కలగాపులగం అవుతాయి, అప్పుడు పొట్టిగా చెయ్యి. చలిలో సెల్లు లోపలి జేబులో పెట్టుకో, వినేముందు వెయ్యి. డిస్‌ప్లేలో అంకెలు నెమ్మదిగా మారితే భయపడకు, మైనస్ చలిలో అది అంతే. డ్యూటీలో వినకు, విన్నప్పుడు ఒక చెవికే ఇయర్‌ఫోన్.

9. సర్ది పంపడం

జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో రేడియో, సిలికా జెల్ పొట్లం, రెండు జతల తీగ ఇయర్‌ఫోన్లు, అట్ట, సెల్లు. సెల్లు మాత్రం రేడియోలోంచి తీసి విడిగా, వాటి కొసలు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. బిల్లు జిరాక్స్ ఒకటి వెయ్యండి, ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

లీవుకు వచ్చినప్పుడు చేతికివ్వడమే మేలు. 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) చిరునామాకు పార్సిల్ పంపాల్సి వస్తే లిథియం బ్యాటరీలు అందులో పెట్టకండి, విమానంలో వెళ్లే తపాలాలో వాటికి ఆంక్షలున్నాయి. పెన్సిల్ సెల్ల సెట్ అయితే ఖాళీగా పంపవచ్చు. ఇది కూడా ఆ రకానికే నేను మొగ్గడానికి ఒక కారణం.

షార్ట్‌వేవ్ ప్రసారాల పట్టిక ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. ఇంట్లో నెట్ ఉన్నవాళ్లు ఆ వారంలో కొత్త ఫ్రీక్వెన్సీలు చూసి, మరో అట్ట రాసి ఉత్తరంలో పెట్టి పంపండి.